గమ్మున అంటుకునే సైన్సు

మొన్న ఆదివారం రాత్రి పదిన్నరకు మా ఇంట్లో సైన్సు జరుగుతోంది. పాల్గొన్నవి ఒక కత్తెర, రెండు గమ్ము ట్యూబులు, మూడు మెరుపు పెన్నులు. పాల్గొన్నవారు నేను, మా ఆవిడ. ఏడో తరగతి చదివే బిడ్డ ఎప్పుడో నిద్రపోయింది. చదువు దానిది, చాకిరీ మాది.

ఇలా కోసి, అంటించి తయారుచేసే సైన్సు నోట్‌బుక్కును ‘ఇంటరాక్టివ్ జర్నల్’ అంటారట. తెరిస్తే జేబులు, రెక్కలు, తిరిగే చక్రాలు. పిల్లలు తమ చేతులతో చేసి నేర్చుకుంటారని పేరెంట్స్ మీటింగులో చెప్పారు. నిజమే, చేతులకు తెరిపి లేదు. సెలవు దొరికింది బుర్రకే.

ఆ రాత్రి మా వంతు ఆమ్లాలు, క్షారాలు. పసుపుపచ్చ చార్టు ముక్క కోసి, దానిమీద ఎర్ర ముక్కను రెక్కలా అంటించాలి. రెక్క ఎత్తితే ‘పరిశీలన: పసుపు కాగితం సబ్బునీటిలో ఎరుపుగా మారినది’ అని కనబడాలి. సబ్బు లేదు, నీళ్లు లేవు, పసుపు లేదు. అయినా మారినది! నిజామాబాద్‌లో ఉండి పసుపు కోసం స్టేషనరీ దుకాణానికి పోయిన మొదటివాణ్ని నేనే కావచ్చు. పసుపు సీజన్లో శ్రద్ధానంద్ గంజ్ మార్కెట్ దాటాలంటే తుమ్మక తప్పని ఊరు ఇది. 2025లో జాతీయ పసుపు బోర్డు ఆఫీసు కూడా ఇక్కడికే వచ్చింది.

మా అమ్మ లేచి వచ్చి చూసింది. “గిదేందిరా, పసుపుల ఇంత సున్నం కలిపితె ఎర్రగైతది గదా. దిష్టినీళ్లు ఎట్ల జేస్తమనుకున్నవ్?” అంది. అరవై ఏళ్లుగా క్షార పరీక్ష చేస్తున్న మనిషి, ఒక్క రెక్కా అంటించలేదు పాపం.

బోధన్‌లో మా బావమరిది కొడుక్కి చక్కెర పాఠం వచ్చింది. థర్మకోల్‌తో ఫ్యాక్టరీ కట్టి, పొగగొట్టానికి దూది అంటించారు. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరుపడ్డ అక్కడి శక్కర్‌నగర్ నిజాం షుగర్స్ 2015 డిసెంబరులో మూతపడింది. అప్పటినుంచి ఆ ఫ్యాక్టరీకి పొగ వస్తున్నది ఇలాంటి దూదిలోంచే. కోసిన చెరుకు రెండ్రోజులు ఎండలో ఆగితే బరువూ తీపీ ఎందుకు తగ్గుతాయని వాణ్ని అడిగాను. “అది సిలబస్‌ల లేదు మామా” అన్నాడు. లోడు చెరుకుతో లైన్లో పడిగాపులు కాసిన వాళ్ల తాతకు మాత్రం ఆ పాఠం కంఠతా వచ్చు.

జర్నల్ చెడ్డదని కాదు. శాస్త్రవేత్త ఫారడే కూడా జర్నల్ రాశాడు. ఆయన బుక్ బైండింగు దుకాణంలో పనిచేసినవాడు. కత్తెర, గమ్ము మనకంటే బాగా తెలిసినవాడు. 1812లో రసాయన శాస్త్రవేత్త డేవీ ఉపన్యాసాలు విని, ఆ నోట్సును తానే బైండు చేసి ఆయనకు పంపాడు. తర్వాత ప్రయోగాల డైరీలో నంబర్లు వేసి 16 వేలకు పైగా పేరాలు రాశాడు. 1849లో గురుత్వాకర్షణకూ విద్యుత్తుకూ లంకె ఉందేమోనని వెతికి, దొరకలేదన్న సంగతినీ రాసిపెట్టాడు. మన బడిలో అయితే ‘ఫలితం రాలేదు, మళ్లీ రాసుకురా’ అని ఎర్రసిరా పడేది.

దీనికంతటికీ మూలం మార్కులే. పదో తరగతిలో 100కు 20 ఇంటర్నల్. వాటిని తీసేస్తామని 2024 నవంబరులో సర్కారు ప్రకటించింది, వెంటనే ఆ ఏడాదికి వద్దులెమ్మంది. ఫలితం ముందే రాసిపెట్టకుండా చేసిన ప్రయోగం నాకు తెలిసి అదొక్కటే.

సోమవారం పొద్దున బిడ్డ నానమ్మ మాట విని పసుపునీళ్లలో సున్నం వేసింది. ఎర్రబడింది. ఎవరూ చెప్పకుండానే నిమ్మకాయ పిండింది. మళ్లీ పసుపుపచ్చ! జర్నల్లో మెరుపు పెన్ను పక్కన పెట్టి, పెన్సిల్‌తో ‘మళ్లీ మారింది. ఎందుకో తెల్వదు’ అని రాసింది. పేజీ మీద కొంచెం ఒలికింది. సాయంత్రానికి రెండు మార్కులు కోసి పంపారు: నీట్‌నెస్ లేదట.

ఒలికింది పేజీ మీదే కాదు, తెల్ల యూనిఫాం మీద కూడా. మా ఆవిడ సబ్బు రుద్దేసరికి పచ్చటి మరక ఎర్రగా తిరిగింది. “నాయినా, జల్ది రా!” అని బిడ్డ వాడంతా వినేట్టు కేక పెట్టింది. మా ఆవిడ తడి చొక్కా పట్టుకుని నన్ను అడిగింది: “దీన్ని మడిచి ఏ జేబుల వెట్టాలె?”