గేరు సైకిలు క్రాంకు బిగింపు: ఒళ్ళు అలవకుండా తొమ్మిది చిట్కాలు

కోనసీమలో కొండ లేదు. అమలాపురం నుంచి రాజోలు వెళ్ళినా, కొత్తపేట వెళ్ళినా మనకి తగిలే ఎత్తల్లా కాలువ గట్లూ, వంతెనలూ. అయినా కుర్రాళ్ళు కొండలెక్కే గేరు సైకిలే కావాలని పట్టుబట్టి కొనిపించుకుంటున్నారు. మంచిదే. కాకపోతే కొన్న మర్నాటి నుంచే తిప్పలు మొదలు. అమ్మ పాలకి పంపుతుంది. నాన్నగారు ధాన్యం మిల్లుకి పంపుతారు. మావయ్య సఖినేటిపల్లి రేవుకెళ్ళి నరసాపురం పంటు దిగేవాళ్ళని తీసుకురమ్మంటాడు. సైకిలున్నవాడు ఊరందరికీ జీతం లేని పాలేరు.

దీనికి మందు క్రాంకులో ఉంది. అంటే పెడళ్ళు తగిలించే రెండు చేతులూ, ముందు పళ్ళచక్రాలూ, వాటిని కలిపే యాక్సిలూ. నేను చెప్పినట్టు బిగించారంటే నాలుగు వారాల్లో సైకిలు వసారాలో పడుకుంటుంది, పక్కనే మడతమంచం మీద మీరూ పడుకోవచ్చు. మూడు సైకిళ్ళ మీద చేసి చూసిన పద్ధతి ఇది. ఒక్కసారి కూడా దెబ్బతినలేదు.

1. కొలతలు చూడకండి. ఫ్రేము అడుగు గొట్టం వెడల్పు 68 మిల్లీమీటర్లా, 73 మిల్లీమీటర్లా అని వంగి చూస్తే నడుం పట్టేస్తుంది. రంగు చూసి కొనండి. యాక్సిలు పొట్టిదైతే పళ్ళచక్రం ఫ్రేముకి రాసుకుని పెయింటు లేస్తుంది. పెయింటు లేచింది కాబట్టి కొత్త సైకిలు అడగొచ్చు.

2. ఫ్రేము గొట్టానికి రెండువైపులా యాక్సిలుని పట్టి ఉంచే కప్పుల్ని చెయ్యి ఎటు పోతే అటు తిప్పండి. చాలా గేరు సైకిళ్ళకి కుడివైపు కప్పు మర ఉల్టా ఉంటుంది, ఎడమకి తిప్పితేనే బిగుస్తుంది. ఇవన్నీ బుర్రలో పెట్టుకుంటే చదువెక్కడ పెట్టుకుంటారు? పానాకి ఓ ఇనప గొట్టం తొడిగి వేలాడండి. మర వంకరగా ఎక్కితే ఇంకా మేలు. ఇక అది ఎవరి తరమూ కాదు.

3. గ్రీజు డబ్బా కొనేవాళ్ళని చూస్తే నాకు నిజంగా జాలేస్తుంది. అంబాజీపేట కొబ్బరి మార్కెట్టు పక్కన పుట్టి గ్రీజుకి డబ్బులు పొయ్యడమేమిటి! వంటింట్లోంచి కొబ్బరినూనె సీసా తెచ్చి ధారగా పొయ్యండి. సగం కారిపోతుంది, మిగతా సగానికి గట్టు మీది దుమ్మంతా అంటుకుని నల్లటి ముద్దవుతుంది. అసలు లాభం సంక్రాంతి నెలలో చూడాలి. కొబ్బరినూనె ఇంచుమించు 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. ధనుర్మాసం తెల్లవారుజామున అంతకంటే చల్లగానే ఉంటుంది. అమ్మ పాలకి వెళ్ళమనగానే చైను మీద పేరుకున్న నూనె చూపించి, "చలికి బిగుసుకుపోయిందమ్మా, ఎండెక్కనీ" అనండి. సగం నిజమున్న సాకుకి ఎదురుండదు.

4. సుత్తి తప్పనిసరి. తాతయ్య నల్ల సైకిలుకి క్రాంకు ఎలా బిగించేవారో గుర్తు తెచ్చుకోండి. కాటర్ పిన్ను పెట్టి సుత్తితో నాలుగు దెబ్బలు కొట్టి నట్టు బిగించేవారు. మన గేరు సైకిలుకి కాటర్ పిన్ను లేదు, నలుచదరపు యాక్సిలు మీద క్రాంకు ఎక్కుతుంది, లోపల బోల్టే దాన్ని నొక్కి కూర్చోబెట్టాలి. అయితే ఏం? పిన్ను లేకపోయినా సుత్తి ఉందిగా. కొట్టండి. ప్రతి దెబ్బా యాక్సిలు గుండా పోయి లోపలి గుండ్ల మీద పడుతుంది, అవి కప్పుల్లో గుంటలు చేసుకుంటాయి. ఆనాటి నుంచీ పెడలు తొక్కుతుంటే కాలికి గరగర తెలుస్తుంది. ఇల్లు దాటకముందే వెనక్కి తిరగడానికి ఇంతకంటే ఏం కావాలి!

5. బోల్టు వేళ్ళతో బిగించి వదిలెయ్యండి. మొత్తం విద్య ఇక్కడే ఉంది, నిదానంగా చదవండి. ఈ బోల్టుకి 35 నుంచి 50 న్యూటన్ మీటర్ల బిగింపు కావాలనీ, మొదటి సవారీ తర్వాత మళ్ళీ ఓసారి చూసుకోవాలనీ తెలిసినవాళ్ళు చెబుతారు. వినకండి. యాక్సిలు ఉక్కు, క్రాంకు అల్యూమినియం. గట్టిదీ మెత్తదీ వదులుగా రాసుకుంటే మెత్తదే అరుగుతుంది. మొదటి రోజు ఎడమ కాలి దగ్గర చుట్టుకోసారి టక్‌మంటుంది. కంగారుపడి పానా తియ్యకండి, పాటలు పెట్టుకుని తొక్కండి. మూడో రోజుకి పెడలు అటూఇటూ ఊగుతుంది. వారం తిరిగేసరికి క్రాంకు లోపలి నలుచదరం గుండ్రమవుతుంది. ఇక బోల్టు ఎంత బిగించినా నిలవదు, కొత్త క్రాంకు వెయ్యాల్సిందే. రూపాయి ఖర్చు లేకుండా, చెమట పట్టకుండా సాధించాం. మొదటిసారి ఆ క్రాంకు చేతిలో పట్టుకుని గుండ్రటి కన్నంలోంచి కాలువని చూస్తే నాకు కళ్ళు చెమర్చాయి.

6. పెడళ్ళ మీద ఎల్, ఆర్ అక్షరాలుంటాయి. చూడకండి. ఎడమ పెడలుది కూడా ఉల్టా మరే. కుడిదాన్ని ఎడమ క్రాంకులోకి పెట్టి తోస్తే ఉక్కు మర మెత్తని క్రాంకుని కోసుకుంటూ దారి అదే చేసుకుంటుంది.

7. గేర్లు మార్చకండి. మీ సైకిలుకి ముందు మూడు చక్రాలుంటే, 42 పళ్ళదో ఎంతదో, అన్నిటికంటే పెద్దదాని మీద పెట్టి, వెనక కూడా పెద్దదాని మీద పెట్టి అలాగే ఉంచండి. చైను ఏటవాలుగా లాగుతూ పళ్ళని సొరచేప రెక్కల్లా సాన పెడుతుంది. స్కేలుతో చైను కొలిచే అలవాటు మాత్రం మానుకోండి. 12 అంగుళాలుండాల్సిన చోట అంగుళంలో పదహారో వంతు పెరిగితే చైను మార్చాలట. పెరగనివ్వండి. ఎనిమిదో వంతు పెరిగేసరికి పళ్ళచక్రాలు కూడా దానితోపాటే పోతాయి. చైను ఒక్కటీ కొనమంటే నాన్నగారు కొనేస్తారు. అన్నీ కలిపి లెక్క చెబితే "సరేలే, తర్వాత చూద్దాం" అంటారు. ఆ తర్వాత ఎప్పటికీ రాదు.

8. నెలకోసారి అంతర్వేది తీసుకెళ్ళండి. వశిష్ఠ సముద్రంలో కలిసేచోట తడి ఇసకలో తొక్కి, ఉప్పునీళ్ళలో కాసేపు నిలబెట్టండి. ఇంటికొచ్చాక మోటారు పైపు పెట్టి యాక్సిలు సందులోకే జోరుగా కొట్టండి. పైన తళతళలాడుతుంది, లోపల మిగిలిన కాస్త జిడ్డూ కడుక్కుపోయి తుప్పు పడుతుంది. "రోజూ కడుగుతున్నాడండి, మా వాడికి సైకిలంటే ప్రాణం" అని అమ్మ చుట్టాలందరికీ చెబుతుంది.

9. మెకానిక్ దగ్గరికి వెళ్ళక తప్పకపోతే ముందు కుడి క్రాంకుని మీరే పీకబోయి చూడండి. పుల్లరుని రెండు చుట్లు మాత్రం ఎక్కించి బలమంతా పెట్టండి. మర ఊడి పుల్లరు చేతిలోకి వస్తుంది, క్రాంకు అక్కడే ఉంటుంది. ఇక రంపం పెట్టి కొయ్యడమే దారి. ఎవరు చేశారని అడిగితే "కొన్నప్పటి నుంచీ ఇంతేనండి" అనండి, అంతకుమించి ఒక్క మాట కలపకండి. రెండో మాటలోనే దొరికిపోతాం.

ఎడమ క్రాంకు ఎలాగూ దానంతటదే ఊడుతుంది, బహుశా వంతెన ఎక్కుతూ నిలబడి తొక్కినప్పుడు. మోకాలి కింద కాస్త గీసుకుంటుంది. కట్టు పెద్దదే కట్టించుకోండి. తర్వాత బావకి ఫోన్ చేసి బండి తెమ్మనండి, ఒంటి క్రాంకు సైకిలు మీరు ఎందుకు నడిపించాలి? ఊడిన ముక్క మాత్రం పారెయ్యకండి. గూట్లో, చేతికందేలా పెట్టుకోండి. వీధిలోంచి మావయ్య గొంతు వినపడగానే దాన్ని పట్టుకుని, గుడ్డతో తుడుస్తూ, గుమ్మంలోకి రండి.