ఉప్పు జాడీ సాక్షిగా

కళింగపట్నంలో గాలి ఎండిపోయిందట. శ్రీకాకుళంలో ఓ ఎలక్ట్రానిక్స్ కొట్టు కుర్రాడు చెప్పేదాకా మాకీ సంగతి తెలీదు. పక్కన వంశధార, ఎదురుగా బంగాళాఖాతం, నడుమ మా ఊరు. కిటికీ ఊచలు రంగు ఆరకముందే తుప్పు పడతాయి. పొద్దున్న వేయించిన అప్పడం మధ్యాహ్నానికి చపాతీ అవుతుంది. వానాకాలం బట్టలు మూడోరోజుకీ ఆరవు. ఇవన్నీ పొడిగాలి లక్షణాలని ఇన్నాళ్ళూ గుర్తించలేకపోయాం!

"ఏసీ ఉన్న ఇంటికి గాలిని తడిపే హ్యూమిడిఫైయర్ తప్పనిసరి సార్. లేకపోతే పాప చర్మం ఎండిపోద్ది" అన్నాడా కుర్రాడు. నాలుగు లీటర్ల ట్యాంకు, ఏడు రంగుల లైటు, సువాసన నూనె సీసా ఉచితం. "మూత బిగుతు చూడండి, చుక్క కారదు" అని తలకిందులు చేసి మరీ చూపించాడు. ఆరునెలల పాప తండ్రి మా అన్నయ్య. పాప పేరెత్తాక బేరమాడే మగాడెవడు?

నేనో లెక్క వేశాను. పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తున్న గది. 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ. మాకది వింత కాదు, మామూలు రోజు. ఆ గది గాలిలో అప్పటికే 650 గ్రాములకు పైగా నీళ్ళుంటాయి. ఆ చెంబెడు నీళ్ళూ సముద్రుడు ఉచితంగా పంపినవి. ఆయన దగ్గర ఏడు రంగుల లైటు లేదు, అదొక్కటే లోటు.

ఏసీ గాలిలో తేమ తగ్గిస్తుంది, నిజమే. మా ఊళ్ళో ఏసీకి డబ్బు పోసేది సగం అందుకే కదా! ఇప్పుడు మా ఇంట్లో ఏసీ గాలిని పిండి గొట్టం ద్వారా బయట బకెట్‌లోకి వదుల్తుంది. హ్యూమిడిఫైయర్ లోపల మళ్ళీ తడుపుతుంది. ఇద్దరు కూలీలు, ఒకడు గొయ్యి తవ్వుతున్నాడు, ఇంకొకడు పూడుస్తున్నాడు. ఇద్దరికీ కూలి మన కరెంటు బిల్లులోంచే.

మిషను చెడ్డది కాదు, ఊరు తప్పింది. చికాగో చలికాలంలో బయటి చల్లగాలికి నీటిని మోసే శక్తి పెద్దగా ఉండదు. దాన్ని హీటరుతో వేడిచేస్తే ఇల్లు మరీ పొడిబారి పెదాలు పగులుతాయి, ముక్కులోంచి రక్తం వస్తుంది. అక్కడ అది మందు. ఇంట్లో తేమ 30 నుంచి 50 శాతం మధ్య ఉంటే మంచిదని అమెరికా పర్యావరణ సంస్థ చెబుతుంది. 60 దాటితే బూజుకి పండగ. దుమ్ముపురుగులకు కూడా చెమ్మంటేనే ఇష్టం. ఉబ్బసం ఉన్నవాళ్ళకి ఈ రెండూ శత్రువులు. చికాగో రోగికి రాసిన చీటీ పట్టుకుని మనం కళింగపట్నంలో మందు మింగుతున్నాం.

ఇంకో ముచ్చట. అల్ట్రాసోనిక్ రకం హ్యూమిడిఫైయర్ నీటిని మరిగించదు, చిందరవందర చేసి పొగమంచులా ఎగరేస్తుంది. నీళ్ళలో ఏముంటే అదీ ఎగురుతుంది: ఉప్పు, సున్నం, క్రిములు. తీరం బోరునీళ్ళు పోస్తే టీవీ మీద తెల్లటి పొడి పేరుకుంటుంది. మన ఊపిరితిత్తుల్ని తుడవడానికి గుడ్డ దొరకదు. అందుకే డిస్టిల్డ్ వాటర్ పోయాలి, రోజూ పారబోసి ఆరబెట్టాలి, రెండు మూడు రోజులకోసారి తోమాలి. అంత ఓపిక లేక దక్షిణ కొరియాలో ట్యాంకులో కలిపే క్రిమిసంహారిణులు కొన్నారు. 1994 నుంచి అమ్మారు. 2011లో గానీ అసలు సంగతి బయటపడలేదు. గర్భిణులు, పసిపిల్లలతో సహా వందల మంది ఊపిరితిత్తులు పాడై చనిపోయారు. పిల్లల మంచి కోరి కొన్నవే అవన్నీ.

నా ఉపన్యాసం అన్నయ్య చెవికెక్కలేదు. మామ్మే తేల్చింది.

"ఏట్రా బావూ, గాలికి నీళ్ళు పడతన్నావా? ముందు ఆ ఉప్పు జాడీ మూత తీసి సూడు."

చూశాడు. కల్లుప్పు కన్నీళ్ళు పెట్టుకుంటోంది. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు నీరు కారడం మొదలెడుతుంది. ఇది సైన్సు. మామ్మకి ఆ అంకె తెలీదు, జాడీ తెలుసు. జాడీ మీద నమ్మకం లేనివాళ్ళకి కొన్ని వందల రూపాయలకు తేమ కొలిచే హైగ్రోమీటరు దొరుకుతుంది. ఏ మిషను కొనాలన్నది దాన్ని చూశాక అడగాల్సిన ప్రశ్న.

కొట్టువాడు మిషను వెనక్కి తీసుకోనన్నాడు. ఇప్పుడా ట్యాంకులో మామ్మ జంతికలు పోసి దాస్తోంది. మూత నిజంగానే బిగుతు. వారమైనా ఒక్కటి మెత్తబడలేదు. తేమ సమస్యకు ఆ మిషను మా ఇంట్లో ఇన్నాళ్ళకి పరిష్కారం చూపింది.