మునగాకు మాది, కాయ మీదా?

తెలంగాణలో సోమవారమంటే ప్రజల ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణి. మున్సిపల్ ఆఫీసు వరండాలో ఒకాయన అర్జీ: పక్కింటి మునగచెట్టు ఆకులన్నీ మా వాకిట్లో రాలుతున్నాయి, కాయలేమో వాళ్లే కోసుకుంటున్నారు! జతగా నాలుగు ఫొటోలు, ఎర్ర ఇంకుతో బాణం గుర్తులు. ఇంకొకావిడకు వీధికుక్కను పక్క సందుకు బదిలీ చేయాలట. 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టుకున్న చోటే వదలాలి తల్లీ. బదిలీ భయం లేని ఉద్యోగం దానిదొక్కదానిదే! వీధి పొడవునా పొంగుతున్న మురుగుకాల్వ మీద మాత్రం ఒక్క కాగితమూ లేదు. అది అందరిదీ కదా, ఎవరో ఒకరు పెడతారులే అని అందరి ధీమా. వానలు ముదరకముందే ఆ ఎవరో ఒకరు మీరే అవ్వండి సార్.