లీటరుకి పాతిక రప్పించడం ఎలా?

కారు కొని ఆర్నెల్లయింది. షోరూములో టై కట్టుకున్న కుర్రాడు లీటరుకి పాతిక ఇస్తుందన్నాడు. మీకు పద్నాలుగు దాటడం లేదు. పైగా మీ బావమరిది కారు, మీ కారు లాంటిదే, ఇరవై రెండు ఇస్తోందట. ఈ బాధలో ఉన్నవారి కోసమే ఈ చిట్కాలు. వీటిలో ఒక్కటీ నా సొంతం కాదు. పెట్రోల్ బంకుల్లో, అపార్ట్‌మెంట్ సెల్లార్లలో, పెళ్లి భోజనాల దగ్గర అనుభవజ్ఞులు అడక్కుండానే పంచిపెట్టినవి. నేను ఏరి ఒక చోట పెట్టానంతే.

ముందు ఆ పాతిక ఎక్కడ పుట్టిందో తెలుసుకోవాలి. మన దేశంలో కార్లను పరీక్షించి మైలేజీ ధ్రువీకరించే సంస్థల్లో అందరికీ తెలిసిన పేరు పుణెలోని ఏఆర్ఏఐ. 1966 నుంచి ఉంది. ఈ పరీక్ష కోసం కారును రోడ్డెక్కించరు. రోలర్ల మీద నిలబెడతారు. చక్రాలు తిరుగుతాయి, బండి ఉన్నచోటే ఉంటుంది. ఎన్నో సెకనులో ఎంత వేగం ఉండాలో, ఎక్కడ ఆగాలో అన్నీ ముందే రాసిపెట్టి ఉంటాయి. వేగం 90 దాటదు. మొత్తం తతంగం ఇరవై నిమిషాల్లోపే ముగుస్తుంది. పెట్రోల్ ఎంత తాగిందో కూడా సైలెన్సర్లోంచి వచ్చిన పొగను కొలిచి లెక్కగడతారు. ఏసీ వెయ్యరు. ఆటో అడ్డం రాదు, స్పీడ్ బ్రేకర్ ఉండదు, వెనక సీట్లో అత్తగారు, మామగారు, వాళ్ల సూట్‌కేసు ఉండవు. ఒక కారును ఇంకో కారుతో పోల్చి చూసుకోవడానికి పెట్టిన పరీక్ష కాబట్టి అన్నిటికీ అవే షరతులు. దీన్నిబట్టి మనకు తేలేదేమిటి? మీ కారులో ఏ లోపమూ లేదు. మీరు దాన్ని రోడ్డు మీదికి తేకుండా ఉండాల్సింది.

సరే, తెచ్చేశారు. ఇక చేయకూడని మొదటి పని, కొలవడం. కొందరు చాదస్తులుంటారు. ట్యాంకు ఫుల్ చేయించి, ట్రిప్ మీటరు సున్నా చేసి, నాలుగొందల కిలోమీటర్లు తిరిగి, మళ్లీ అదే బంకులో అదే పంపు దగ్గర నాజిల్ దానంతటది టక్కున ఆగేదాకా కొట్టించి, తిరిగిన కిలోమీటర్లను పట్టిన లీటర్లతో భాగిస్తారు. ఒకసారి చాలదని రెండు మూడు ట్యాంకులకు సగటు కూడా తీస్తారు. అంత చేసి వాళ్లు బావుకున్నది ఏమిటంటే, మనసులో ఉన్న పాతిక కాస్తా పద్నాలుగున్నర అవడం. మీరు ఎప్పుడూ ఐదొందలకే కొట్టించండి. పాతది ఎంత మిగిలి ఉందో, కొత్తది ఎంత పడిందో ఎవరికీ తేలదు. తేలనంతకాలం బండి పాతికే ఇస్తుంది.

డ్యాష్‌బోర్డు మీద కనిపించే అంకె మాత్రం నమ్మదగినదే, ఎందుకంటే అది సాధారణంగా అసలుకంటే కాస్త ఎక్కువే చూపిస్తుంది. దాన్ని వాడుకునే పద్ధతి ఉంది. హైదరాబాదులో ఉంటే ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కండి. ఎనభైలో నిలకడగా పోతున్నప్పుడు రీసెట్ నొక్కండి. పది కిలోమీటర్లు పోయేసరికి 23, 24 పడుతుంది. పక్కన కూర్చున్నవాళ్ల చేత ఫొటో తీయించి భద్రం చేసుకోండి. గచ్చిబౌలి దగ్గర కిందికి దిగగానే ఆ స్క్రీను మార్చి గడియారం పెట్టేయండి. ఇక ఏ గృహప్రవేశానికి వెళ్లినా మీకు లోటుండదు.

“బావగారూ, బండి ఎంతిస్తోంది?”

“సిటీలో అయితే ఓ ఇరవై, ఇరవై ఒకటి. హైవే మీద చెప్పక్కర్లేదు. ఉండండి, ఫొటో చూపిస్తా.”

బావమరిది ఇరవై రెండు కూడా ఇలా పుట్టిందేనన్న అనుమానం మీకు రావచ్చు. రానివ్వకండి.

బంకుకి తెల్లవారకముందే వెళ్లాలన్నది పెద్దల మాట. చల్లటి వేళ పెట్రోల్ చిక్కగా ఉంటుందట, అదే డబ్బుకి ఎక్కువ పడుతుందట. మాట తప్పేం కాదు. పది డిగ్రీల వేడి పెరిగితే పెట్రోల్ సుమారు ఒక శాతం ఉబ్బుతుంది. కాకపోతే బంకులో పెట్రోల్ ఉండేది భూమిలో పాతిన ట్యాంకులో. పైన మే నెల మధ్యాహ్నమైనా అక్కడికి ఆ పూట వేడి ఆ పూటే దిగదు. తెల్లవారి ఐదింటికీ మధ్యాహ్నం రెండింటికీ పెద్ద తేడా ఉండదు. అయినా వెళ్లండి. నిద్ర పాడుచేసుకున్న తృప్తి ఒకటి ఉంటుంది.

ఐదొందలు అనకుండా ఐదొందల పది అనడం కూడా మంచిదే. రౌండ్ ఫిగర్లకి మిషన్లో మోసం పెట్టి ఉంటారని అందరికీ తెలుసు. ఆ సంగతి అందరికీ తెలిసిందని మోసగాడొక్కడికే తెలియదని మనం నమ్మాలి. నిజంగా అనుమానముంటే ప్రతి బంకులోనూ తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న ఐదు లీటర్ల కొలపాత్ర ఉంటుంది, అడిగితే మన కళ్లముందే పట్టి చూపించాలి. అడగొద్దు. వెనకున్నవాళ్లు హారన్లు కొడతారు. పైగా కొలత సరిగ్గా ఉందనుకోండి, ఇక తిట్టుకోవడానికి ఎవరు మిగిలారు?

పండక్కి ఊరెళ్లేటప్పుడు ఫుల్ ట్యాంకు చేయించక తప్పదు కదా, అప్పుడు నాజిల్ టక్కుమనగానే ఊరుకోకండి. “ఇంకాస్త పట్టుద్ది తమ్ముడూ, కొట్టు” అనండి. ఆ కుర్రాడు నాజిల్ సగం బయటికి లాగి, నొక్కి వదిలి, నొక్కి వదిలి, నురగ అణిగేదాకా ఆగి, మళ్లీ నొక్కి, మూత అంచు దాకా తెస్తాడు. ఈలోగా మీరు వెనక బంపర్ దగ్గర నిలబడి కారును రెండు చేతులా ఊపాలి. లోపలి గాలి బుడగలు బయటికొచ్చి అర లీటరు ఎక్కువ పడుతుంది. ట్యాంకు పైభాగాన ఆ ఖాళీని కంపెనీవాళ్లు కావాలనే వదిలారని, పెట్రోల్ ఆవిరిని పట్టి ఇంజిన్‌కి పంపే బొగ్గు డబ్బా ఒకటి ఉంటుందని, మెడ దాకా నింపితే ఆవిరికి బదులు పెట్రోలే దాంట్లోకి పోయి పాడవుతుందని మెకానిక్ చెబుతాడు. అది మార్చేటప్పుడు చెబుతాడు, బిల్లుతో సహా.

కాకినాడవారికి ప్రత్యేకంగా ఒక మాట. యానాం పుదుచ్చేరిది కాబట్టి అక్కడ పన్ను తక్కువ, పెట్రోల్ చవక. లీటరుకి పది, పన్నెండు రూపాయలు తేడా అనుకుందాం. ఈ అవకాశం చేతిలో ఉండి కాకినాడలో కొట్టించేవాణ్ని ఏమనాలి? దూరం ముప్పై కిలోమీటర్ల లోపే. వెళ్లి పాతిక లీటర్లు కొట్టిస్తే పన్నెండు చొప్పున మూడొందలు మిగిలాయి. రానూపోనూ అరవై కిలోమీటర్లకి, కారు పదిహేనిచ్చినా, నాలుగు లీటర్లు కాలింది. యానాం ధరకే వేసినా దాదాపు నాలుగొందలు. ఈ రెండో లెక్క వేయకూడదు. అయినా యానాం వెళ్లేవాళ్లందరూ పెట్రోల్ కోసమే వెళ్తున్నారని ఎవరూ అనుకోవడం లేదు లెండి.

ఇప్పుడు ఎవరిని నిందించాలో చూద్దాం. ఈ మధ్య వచ్చిన గొప్ప సౌకర్యం ఇథనాల్. లీటరు పెట్రోల్‌లో ఉన్నంత శక్తి లీటరు ఇథనాల్‌లో ఉండదు, మూడో వంతు తక్కువ. ఇరవై శాతం కలిపితే మొత్తం మీద ఆరేడు శాతం పోతుంది. పది శాతం మిశ్రమానికి సర్దిన కార్లకి మైలేజీ ఆరేడు శాతం తగ్గొచ్చని 2021లో నీతి ఆయోగ్ విడుదల చేసిన నివేదికే చెప్పింది. అంటే పాతిక ఇచ్చే కారు ఇరవై మూడు పైచిలుకు ఇవ్వాలి. మీకు పద్నాలుగే వస్తోంది. ఆ మిగతా తొమ్మిదిని కూడా ఇథనాల్ ఖాతాలోనే రాసేయండి.

అయస్కాంతాలు, మాత్రలు, ట్యాంకులో పోసే నూనెలు అమ్మేవాళ్లు ఉంటారు. అమెరికాలో ఈపీఏ అనే ప్రభుత్వ సంస్థ ఇలాంటివి వందకు పైగా పరీక్షిస్తే పనికొచ్చినవి ఏవో ఒకటీ అరా, అదీ అంతంత మాత్రం. అయితే ఏమిటి, అక్కడి పెట్రోల్ వేరు.

ఏసీ సంగతి. మండే ఎండలో, దగ్గరి ప్రయాణాల్లో ఏసీ మైలేజీని పాతిక శాతం దాకా తగ్గించగలదు, ఇది నిజం. కనుక బెజవాడలో రోహిణి కార్తెలో కూడా ఏసీ వెయ్యొద్దు. హైవే మీద నూరులో పోతూ నాలుగు అద్దాలూ దించేయండి. ఆ వేగంలో లోపలికి జొరబడే గాలి కారును వెనక్కి లాగుతుంది, ఏసీ వేసినా అంతకంటే ఎక్కువ తాగదేమో, కానీ ఏసీ మీటకి లైటు వెలగదు చూడండి, మనకి అదే కావాలి. నీడలో పెడితే పార్కింగ్ వాడు ఇరవై అడుగుతాడు కాబట్టి ఎండలోనే పెట్టండి. తిరిగొచ్చాక స్టీరింగ్ ముట్టుకోలేని స్థితి ఉంటుంది. అప్పుడు మాత్రం తలుపులు బార్లా తీసి వేడిగాలి పోనివ్వడం లాంటి చవక పనులు చేయకుండా, అన్నీ బిగించి ఏసీ నాలుగులో పెట్టి, ఇంట్లోవాళ్లు లిఫ్టు దిగి వచ్చేదాకా పది నిమిషాలు నిలబెట్టండి. చిన్న కారైనా ఊరికే నిలబడితే గంటకి అర లీటరుకి పైనే తాగుతుంది, ఏసీతో ఇంకా ఎక్కువ. ఆ పది నిమిషాల్లో బండి అంగుళం కదల్లేదు కాబట్టి మైలేజీ సున్నా, సున్నాని ఎవరు లెక్కపెడతారు?

పొద్దున్నే ఇంజిన్ వేడెక్కాలని నిలబెట్టడం కూడా ఇలాంటిదే. కార్బొరేటర్ల రోజుల్లో, మారుతీ 800కి చోక్ లాగి స్టార్ట్ చేసినప్పుడు, దానికో అర్థముండేది. ఇప్పుడున్న ఇంజిన్‌ని అరనిమిషం ఆగి నెమ్మదిగా నడిపితే రోడ్డు మీదే తొందరగా వేడెక్కుతుంది. కానీ మీ నాన్నగారు అలా నిలబెట్టేవారు, మీరూ నిలబెట్టండి. ఆచారం ఆచారమే.

బరువు తగ్గించుకోవడానికి ఎప్పుడూ రిజర్వులోనే తిరగమంటారు తెలివైనవాళ్లు. పది లీటర్ల పెట్రోల్ ఏడున్నర కిలోలు ఉంటుంది మరి. ట్యాంకులో ఉండే పంపు ఆ పెట్రోల్‌తోనే చల్లబడుతుందని, అడుగంటా తిరిగితే అది వేడెక్కి పోతుందని మెకానిక్ మళ్లీ చెబుతాడు, బిల్లుతో. ఇలా ఏడున్నర కిలోలు మిగిల్చి డిక్కీ తీసి చూడండి. ఊరి నుంచి తెచ్చి ఇంకా పైకి మోయని సోనా మసూరి బస్తా ఉంటుంది. ఇరవై ఐదు కాదు, ఇరవై ఆరు కిలోలు. 2022లో పాతిక కిలోల దాకా ప్యాకెట్ బియ్యం మీద జీఎస్టీ వేసినప్పటి నుంచి బస్తా ఒక కిలో లావెక్కింది. దాని పక్కన ఆవకాయ జాడీ, క్రికెట్ కిట్టు, ఎప్పుడో ఒకరోజు ఇద్దామని పెట్టిన పాత మిక్సీ. వాటి జోలికి పోకండి. పెట్రోల్ తగ్గించారుగా.

టైర్లలో గాలి ఎంత ఉండాలో డ్రైవర్ తలుపు తెరిస్తే అంచున స్టిక్కరు మీద రాసి ఉంటుంది. మీ కారులో ఆ స్టిక్కరు మీద పిల్లలు ఛోటా భీమ్‌ని అంటించి ఉంటారు. పంక్చర్ షాపులో “ఎంత పెట్టమంటారు?” అంటే “నువ్వే చూసి పెట్టు” అనండి. అతను నలభై పెడతాడు. బండి భలే తేలిగ్గా దొర్లుతుంది. వానలో బ్రేకు వేసినా దొర్లుతూనే ఉంటుంది.

కుడికాలు గురించి మాత్రం ఎవరూ చిట్కా చెప్పరు. చెబితే మనసు కష్టపెట్టుకుంటారు. పైసా ఖర్చు లేకుండా రెండు మూడు కిలోమీటర్లు పెంచేది అదొక్కటేనని తెలిసినవాళ్లు కూడా మర్యాదకొద్దీ మాట్లాడరు. అందుకని మీరు మామూలుగానే నడపండి. రెండొందల మీటర్ల అవతల సిగ్నల్ ఎర్రగా కనిపిస్తుంటే యాక్సిలరేటర్ ఇంకాస్త తొక్కి, పక్కనున్న బండిని దాటి, గీత దగ్గర మొదటివారై బ్రేకు వేయండి. అక్కడ 58 సెకన్లు ఇద్దరూ కలిసే నిలబడతారు. అతను దూరం నుంచే కాలు తీసేసి గేరులో వదిలేసి వచ్చాడు. అలా వదిలేస్తే చక్రాలే ఇంజిన్‌ని తిప్పుతాయి, ఇప్పటి ఇంజిన్లు అంతసేపూ పెట్రోల్ ఇవ్వడమే మానేస్తాయి. వెనకపడ్డాడు పాపం. టాప్ గేరులో మైలేజీ ఎక్కువన్నారు కాబట్టి ముప్పైలోనే ఐదో గేరు వేసేయండి. ఇంజిన్ గుడగుడలాడి కారు వణికితే కాలు ఇంకా గట్టిగా నొక్కండి. ఔటర్ మీద 120 దాకా అనుమతి ఉంది కదా, ఎనభైలో పోవడమెందుకు? ఎనభైలో ఎదురొచ్చే గాలి అడ్డుకంటే నూట ఇరవైలో రెండింతలకు పైగా ఉంటుంది. కేంద్ర ప్రభుత్వ సంస్థ పీసీఆర్ఏ ఏళ్ల తరబడి 45 నుంచి 55 మధ్య నడపమని చెబుతూనే ఉంది. దాని మాట విన్నవాడు ఔటర్ మీద మీకు కనిపించే ఉంటాడు, మీరే హారన్ కొట్టారు.

చివరిగా ఘాట్ రోడ్డు, న్యూట్రల్. తిరుమల నుంచి దిగే దారి 1944 నాటి పాత ఘాట్, ముప్పై ఆరు మలుపులు. పైనుంచి న్యూట్రల్‌లో వదిలేస్తే కొండే తోసుకెళ్తుంది, పెట్రోల్ ఎందుకు దండగ అంటారు. రెండో గేరులో దిగితే ఇంజినే బండిని పట్టి ఉంచుతుంది, పెట్రోల్ చుక్క కాలదు. న్యూట్రల్‌లో ఇంజిన్ ఆగిపోకుండా తిరగాలి కాబట్టి పెట్రోల్ కాలుతుంది, బండిని ఆపే పనంతా బ్రేకుల మీద పడుతుంది. ఇంకొందరు మహానుభావులు తాళమే తిప్పేస్తారు. ఇంజిన్ ఆగితే బ్రేకుకి సాయమిచ్చే వాక్యూమ్ రెండు మూడు తొక్కులతో సరి, స్టీరింగ్ బరువెక్కుతుంది, తాళం ఇంకాస్త తిరిగితే లాకే పడుతుంది. అంత పొదుపు నాకు చేతకాదు, ఆ చిట్కా ఇందులో లేదు. న్యూట్రల్ వరకే.

న్యూట్రల్‌లో బాగానే దిగుతారు, మరీ బాగా దిగుతారు. నలభై నిమిషాల కంటే ముందు కిందికొస్తే టీటీడీ వాళ్లు జరిమానా వేస్తారు. అలిపిరి ఇంకా కాస్త దూరం ఉందనగా టైము చూసుకుంటే ముప్పై నిమిషాలే అయి ఉంటుంది. ఏం పర్వాలేదు. రోడ్డు వారగా ఆపండి. బ్రేకుల కాలిన వాసన లోపలికి రాకుండా అద్దాలు ఎత్తేయండి. ఇంజిన్ నడుస్తూనే ఉంటుంది కాబట్టి ఏసీ పెట్టుకుని, ఆ పది నిమిషాలూ లడ్డూ తింటూ కూర్చోండి.