గోరంతా? కొండంతా?

అమెరికా ఫెడరల్ ఉద్యోగుల్లో చాలామంది జీతం గురించి బేరమాడకూడదు. అది చట్టం చూసుకుంటుంది.

సమ్మె అసలే చేయకూడదు. 1981లో సమ్మె చేసిన ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్లను 11 వేల మందికి పైగా అధ్యక్షుడు రీగన్ ఇంటికి పంపేశారు.

ఇక మిగిలిందల్లా కుర్చీ, షిఫ్టు, పార్కింగు.

వాటిపై మాట్లాడాలన్నా ముందు తేలాల్సింది ఒకటుంది: పై అధికారులు చేసే మార్పు గోరంతా, కొండంతా?

1980ల నుంచీ గోరంత దాటితే చాలు, యూనియన్‌తో కూర్చోవాల్సిందే.

2020లో ఫెడరల్ కార్మిక సంబంధాల అథారిటీకి జ్ఞానోదయమైంది. కొండంత అయితేనే చర్చ అంది.

2022లో వాషింగ్టన్ అప్పీలు కోర్టు ఆ జ్ఞానోదయాన్ని కొట్టేసింది. పాత పద్ధతి ఎందుకు మార్చారో సరిగ్గా చెప్పలేదంది.

కిటికీ పక్కనున్న మీ టేబుల్‌ను బాత్రూం పక్కకు జరిపారనుకోండి. అది గోరో కొండో లాయర్లు తేల్చేలోపు మీకు వాసన అలవాటైపోతుంది.

ఇంత తంటా ఎందుకని 2025 మార్చిలో ట్రంప్ దగ్గరి దారి పట్టారు. దేశ భద్రత పేరుతో పలు శాఖల్లో బేరమాడే హక్కుకే ఎసరు పెట్టారు.

జాబితాలో మాజీ సైనికుల ఆస్పత్రులు నడిపే శాఖ ఉంది. పర్యావరణ సంస్థా ఉంది. బీపీ చూసే నర్సమ్మ నైట్ షిఫ్టు గురించి అడిగితే అగ్రరాజ్యం గడగడలాడుతుంది మరి!

పోలీసులకు, ఫైర్ సిబ్బందికి మాత్రం మినహాయింపు. నడుముకు తుపాకీ ఉన్నవాళ్లు బేరమాడితే దేశ భద్రతకు ఏ ఢోకా లేదట.