సెంటీమీటర్ల వైపు

నేను దర్జీ టేపుని. ఒక వైపు 60 అంగుళాలు, రెండో వైపు 150 సెంటీమీటర్లు. తెనాలిలో టైలరక్క మెడలో వేలాడుతూ ఎన్ని జబ్బలు, ఎన్ని నడుములు చుట్టి వచ్చానో! పనంతా అంగుళాలతోనే. అక్కకి రొమ్ము కాన్సర్ ఆపరేషన్ అయ్యేదాకా సెంటీమీటర్లతో ఎవరికీ పనిపడలేదు.

కణితితో పాటు కుడి చంకలోని లింఫ్ గ్రంథులూ తీసేశారు. తర్వాత కీమో, కరెంటు పెట్టడం. గండం గడిచిందని ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నారు. చాన్నాళ్ళకి ఆ చేతి గాజులు బిగుతయ్యాయి. ఒళ్ళు చేశావన్నారు కొందరు. బోదకాలు చేతికొచ్చిందేమోనని పక్కింటామె ఎడంగా కూర్చుంది. అక్క ఆ చేతిని పైట కింద దాచుకోసాగింది. నన్ను అన్నిటికన్నా బాధపెట్టింది ఆ దాపరికమే. పట్టించుకోకపోతే మెత్తటి వాపు కాస్తా గట్టిపడిపోతుంది.

చివరికి ఆసుపత్రిలో చూపించుకుంటే, ఫిజియోథెరపీ అమ్మాయి నన్ను తిరగేసింది. మణికట్టు నుంచి పైదాకా సమాన దూరాల్లో పెన్నుతో గుర్తులు పెట్టి, రెండు చేతుల చుట్టుకొలతలూ రాసింది. ఒకే చోట 2 సెంటీమీటర్ల తేడా కనిపిస్తే వాపుగా లెక్క వేస్తారట. "ఆపరేషన్‌కి ముందే కొలిచి పెట్టుకుని ఉంటే ఇంకా తొందరగా తెలిసేదమ్మా" అంది. ఈ ఆపరేషన్ చేయించుకునే ప్రతి ఆడమనిషికీ ఆ కొలతలు తీసి ఇవ్వాలి. దానికి నాలాంటి టేపు ఒక్కటి చాలు కదా!

పూడుకుపోయిన కాలువలో నీరులా, చంకలో దారి లేక ద్రవం చేతిలోనే నిలిచిపోతుంది. ముందు కట్లు కట్టి వాపు దించారు. దిగాకే, వాపు మళ్ళీ పెరక్కుండా చేతికి తొడుక్కునే బిగుతు స్లీవుకి కొలతలు తీశారు. దాని బిగువు మణికట్టు దగ్గర ఎక్కువ, పైకి పోయేకొద్దీ తక్కువ. సాగే గుడ్డతో తనే కుట్టుకుందామనుకున్న అక్క ఆ లెక్క విని మానుకుంది. తన జాకెట్ల చేతి అంచులు మాత్రం అదే రోజు విప్పి వదులు చేసింది. స్లీవు పట్టు సుమారు ఆరు నెలల్లో సడలుతుంది, మళ్ళీ కొనాలి. కుట్టుపని మీద బతికే ఇంటికి అది భారమే.

ఒకసారి ఆ చేతి వేలికి సూది గుచ్చుకుంది. సాయంత్రానికి ముంజేయి ఎర్రబడి సలసల కాగింది, చలిజ్వరం. తెల్లారేదాకా ఆగుదామన్నాడు భర్త. ఆగలేదు అక్క. రాత్రికి రాత్రే ఆసుపత్రికి వెళ్ళి యాంటీబయాటిక్ మొదలుపెట్టించుకుంది. అలా ఇన్‌ఫెక్షన్ రేగిన ప్రతిసారీ మిగిలిన దారులూ దెబ్బతింటాయని ఆమెకి ముందే చెప్పారు.

ఇస్త్రీపెట్టె ఎత్తవచ్చా అని ఫిజియోథెరపీ అమ్మాయిని అడిగింది అక్క. బరువులు ముట్టుకోవద్దనే మాట పాతది. పర్యవేక్షణలో కొద్దికొద్దిగా పెంచుకుంటూ బరువులెత్తిన వాళ్ళకి వాపు ఎక్కువ కాలేదని 2009లో అమెరికాలో ఒక పరిశోధన తేల్చింది. అక్క నీళ్ళ సీసాతో మొదలుపెట్టింది.

మొన్న ఒకామె వచ్చింది. "ఎడమ చెయ్యి ఒక్కటే లూజు చెయ్యి అక్కా" అంటూ జాకెట్టు బల్ల మీద పెట్టింది. అక్క జాకెట్టు పక్కన పెట్టి, నన్ను మెడలోంచి తీసి సెంటీమీటర్ల వైపు తిప్పింది. "ఏదీ, రెండు చేతులూ ఇటు చాపమ్మా."