ఇంటర్నేషనల్ ఆర్కెస్ట్రా, వయా పామర్రు

గుడివాడ చుట్టుపక్కల వినాయక చవితి పందిరి ఎక్కే ఆర్కెస్ట్రాలన్నీ అంతర్జాతీయ స్థాయివే. అనుమానముంటే బ్యానర్లు చదువుకోండి. ఇటు ముదినేపల్లి, అటు పామర్రు దాటి ఎరగని పార్టీ కూడా ‘ఇంటర్నేషనలే’. అంత ధైర్యం చాలనివాళ్ళు ‘ఆలిండియా’తో సరిపెట్టుకుంటారు. ‘మండల స్థాయి ఆర్కెస్ట్రా’ అని నిజం రాసుకున్న పుణ్యాత్ముణ్ణి ఇంతవరకు చూడలేదు.

పేరు పెట్టడానికో పద్ధతుంది. స్వర, రాగ, శ్రుతి అనే మూడింట్లో ఒకటి ఎంచుకోవాలి. దానికి మాధురో, ఝరో, వాహినో తగిలించాలి. డబ్బుల పంపకంలో తేడా వచ్చి తబలా ఆయన విడిపోతే, ఆయన పెట్టే పార్టీకి అదే పేరు ముందు ‘న్యూ’ చేరుతుంది. అదీ చీలితే ‘ఒరిజినల్’ పుడుతుంది. ఆ ఒరిజినల్ వాళ్ళు పాడేవి కూడా ఊళ్ళోవాళ్ళ పాటలే.

నేనూ ఆ తానులో ముక్కనే. చదువుకునే రోజుల్లో ఓ పార్టీలో కీబోర్డు వాయించాను. మా పార్టీ పేరు చెప్పను గానీ పొడవు చెబుతాను. స్టేజీ వెడల్పు చాలక బ్యానర్ కొసను కొబ్బరిమట్టల వెనక్కి మడిచి కట్టేవాళ్ళం. ఆ మడతలో పోయేది ‘ఆర్కెస్ట్రా’ అన్న మాటే. దాంతో మేం ఏం చేయడానికి వచ్చామో పాట మొదలైతే గానీ జనానికి తెలిసేది కాదు. మొదలయ్యాక కూడా కొందరికి తెలిసేది కాదు.

మా గాయకుడి బిరుదు ‘జూనియర్ ఘంటసాల’. ఎవరిచ్చారని అడిగితే ‘ప్రజలు’ అనేవాడు. ఆ ప్రజలే పది రూపాయల నోటుకు చీటీ గుచ్చి ముందు వరస నుంచి పంపేవాళ్ళు, ఘంటసాల చాలించి మాస్ పాట అందుకోమని. పాట మధ్యలో కరెంటు పోతే మా యాంకర్ ఏమాత్రం తడుముకోకుండా ‘ఇప్పుడు మీకోసం అన్‌ప్లగ్డ్’ అని ప్రకటించేవాడు. జనం చప్పట్లు కొట్టేవాళ్ళు, దోమల్ని.

ఒకరి పాట మరొకరు పాడటం తప్పని నేననను. బాలు తొలిరోజుల్లో స్టేజీ కచేరీలు చేసేటప్పుడు ఆయన బృందంలో వాయించినవాళ్ళలో ఇళయరాజా, గంగై అమరన్ ఉన్నారు. పాట అరువుదైనా చేయి తిరగడం సొంతమే. చిక్కల్లా అరువు పాటకు అరువు పేరు, దాని మీద అరువు బిరుదు కప్పడంతోనే.

అసలు ఘంటసాల సంగతి చూడండి. 1922లో గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టారు. విజయనగరంలో మధూకరం ఎత్తుకుని సంగీతం నేర్చుకున్నారు. 1971లో అమెరికా, ఇంగ్లండ్, జర్మనీలలో కచేరీలు చేసొచ్చారు. ఇంటర్నేషనల్ అంటే అదీ! ఆయన ఎవరికీ జూనియర్‌నని రాసుకోలేదు. ఉన్నదల్లా ఇంటిపేరు. అదైనా మన జిల్లాలో ఉన్న ఓ ఊరి పేరే.

పామర్రు దాటితే కూచిపూడి. ప్రపంచమంతా ఆడే నాట్యానికి ఆ ఊరి పేరే చాలింది. పక్కనే మొవ్వ. క్షేత్రయ్య తన పదాలకు ఆ ఊరి గోపాలుణ్ణే ముద్రగా పెట్టుకున్నాడు. కడప జిల్లా సురభిలో 1885లో మొదలైన నాటక సమాజానికి ఆ పల్లె పేరే నిలిచింది. నిన్నమొన్న హైదరాబాద్ కుర్రాళ్ళు తమ బ్యాండుకు ‘చౌరస్తా’ అని పెట్టుకుంటే జనం విన్నారే తప్ప, ఏ దేశపు చౌరస్తా అని అడగలేదు.

పెద్ద పేరు మోజు ఇవాళ్టిది కాదని ఎవరైనా గుర్తుచేయొచ్చు. నిజమే. ఒకప్పుడు బందరు నాటక సమాజం ‘ఇండియన్ డ్రమటిక్ కంపెనీ’ అని పెట్టుకుంది. కానీ దానికి నాటకాలు రాసినాయన పింగళి నాగేంద్రరావు. తర్వాత ‘మాయాబజార్’కు మాటలూ పాటలూ రాసింది ఆయనే. అలాంటివాణ్ణి ఒకణ్ణి చూపించి, బ్యానర్ మీద అంతరిక్షం అని రాసుకున్నా ఎవరూ కాదనరు.

కాబట్టి ఈ చవితికి కొత్త పార్టీ కట్టే తమ్ముళ్ళకు ఒకటే మనవి. నిక్షేపంగా ‘గుడివాడ ఆర్కెస్ట్రా’ అని పెట్టుకోండి. శ్రుతి తప్పి అంతర్జాతీయం పరువు తీస్తే అడిగే నాథుడుండడు. గుడివాడ పరువు తీస్తే మాత్రం మర్నాడు బస్టాండులో నిలదీస్తారు. ఆ భయంతోనైనా సాధన చేస్తారు.